ప్రాజెక్టు పనికి ప్రమాణమేది? ప్రాథమిక విద్యలో అంతర్జాల పరిశోధన – విషయాలవారీ విద్యాప్రమాణాల విమర్శ (రుద్రంగి ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తరవాత వెలువడిన పాఠ్యపుస్తకాలు ప్రతి విషయానికీ విద్యాప్రమాణాలను నిర్దేశించి, వాటిలో ప్రాజెక్టు పనికి స్థానం కల్పించాయి. ఫోను ఇంటింటికీ వచ్చాక ఈ ప్రాజెక్టు పని ఎక్కువగా అంతర్జాలంలో వెతికి రాసే పనిగా మారింది. తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం అనే మూడు విషయాల ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చదివి, వాటిలో పరిశోధనకు సంబంధించిన ఉమ్మడి ప్రమాణం లోపించిందని చూపడం, రుద్రంగి ప్రాంతపు జీవితం ఆధారంగా అలాంటి ప్రమాణానికి ఒక రూపం సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విద్యాప్రమాణాలు, ప్రాజెక్టు పని, అంతర్జాల పరిశోధన, నిర్మాణాత్మక మూల్యాంకనం, రుద్రంగి, ఆధార ప్రస్తావన.

1. ఉపోద్ఘాతం

వేములవాడ నుంచి చందుర్తి మీదుగా కోరుట్లకు పోయే దారిలో రుద్రంగి ఉంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో చందుర్తి మండలం నుంచి విడివడి, రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైంది. ఒకవైపు సిరిసిల్ల సాంచాలు, మరొకవైపు కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు సాగే వలస, ఇంటిపట్టున ఆడవాళ్లు చేసే బీడీ పని – ఈ మూడూ ఈ ప్రాంతపు బతుకును తీర్చిన అంశాలు. ఇక్కడి ప్రాథమిక పాఠశాల విద్యార్థికి ఇచ్చే ప్రాజెక్టు పని ఈ బతుకును తాకుతున్నదా, లేక దాని పక్కనుంచి తప్పుకొని పోతున్నదా అన్నది మొదటి ప్రశ్న. తాకకపోతే అందుకు విద్యాప్రమాణాల రచనలోనే కారణం ఉందా అన్నది రెండవది.

2. ప్రాజెక్టు పని: భావన, ఆచరణ

ప్రాజెక్టు పద్ధతికి సైద్ధాంతిక రూపమిచ్చిన విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో రాసిన వ్యాసంలో ఉద్దేశించడం, ప్రణాళిక వేయడం, అమలు చేయడం, విలువ కట్టడం అనే నాలుగు దశలను చెప్పాడు. పని వెనక ఉన్న ఉద్దేశం పిల్లవాడిది కావాలన్నది వాటిలో మొదటిది, ముఖ్యమైనది. 1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న నయీ తాలీం ఆలోచన చేతిపనిని కేంద్రంగా చేసుకొని మిగిలిన విషయాలను దానితో ముడివేసింది. విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ కూడా కృత్యాలు, అన్వేషణ, ఆవిష్కరణల ద్వారా నేర్చుకోవడాన్ని, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. అంటే ప్రాజెక్టు పని పాఠం చివర అంటించిన అదనపు అలంకారం కాదు. దాని వెనక గట్టి ఆలోచన ఉంది.

ఆచరణలో అది నిర్మాణాత్మక మూల్యాంకనంలోని నాలుగు సాధనాల్లో ఒకటిగా స్థిరపడింది. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, లఘు పరీక్ష మిగిలిన మూడు. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు. విషయానికొకటి చొప్పున చూసినా తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం చదివే అయిదవ తరగతి పిల్ల ఏడాదిలో 16 నివేదికలు ఇవ్వాలి. పదేళ్ల పిల్ల 16 సార్లు ఉద్దేశించి, ప్రణాళిక వేసి, అమలు చేసి, విలువ కట్టగలదా? సాధ్యం కాదు కనుక నివేదికే మిగిలింది. దాని వెనకటి మూడు దశలు జారిపోయాయి. ఫోనులో వెతికిన పేజీని చూసి రాయడం, జిరాక్స్ దుకాణంలో రంగుల బొమ్మ తీయించి చార్టుకు అతికించడం నేటి ప్రాజెక్టు పనికి సాధారణ రూపమన్నది ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ తెలిసిన సంగతే.

2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ద్వారా మొదలైన దూరవిద్యా బోధన ఈ మార్పును వేగవంతం చేసింది. పాఠశాల పని వాట్సాప్‌లో వచ్చి వాట్సాప్‌లోనే తిరిగి వెళ్లింది. బడులు తెరుచుకున్నాక కూడా ఫోను బడిసంచిలో ఒక భాగంగా మిగిలిపోయింది.

3. మూడు విషయాల ప్రమాణాలు: తులనాత్మక పరిశీలన

తెలుగు వాచకాల్లో విద్యాప్రమాణాలు అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు, ప్రాజెక్టు పని అనే వరుసలో సాగుతాయి. మొదటి మూడూ సామర్థ్యాలు: వినడం, చదవడం, స్వీయరచన, ప్రశంస, పదజాలం, వ్యాకరణం. నాలుగవది సామర్థ్యం కాదు, ఒక పని. ఆ పని చేయడానికి ఏ సామర్థ్యం కావాలో, పూర్తయ్యాక ఏ సామర్థ్యం పెరగాలో ఆ పేరు చెప్పదు. స్వీయరచనను కొలవడానికి సొంత వాక్యం, భావక్రమం, పదాల ఎంపిక వంటి గీటురాళ్లు ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నాయి. ప్రాజెక్టు పనికి వచ్చేసరికి ‘సేకరించండి, నివేదిక రాయండి, ప్రదర్శించండి’ అన్న క్రియలే మిగులుతాయి. ఎవరి నుంచి సేకరించాలి, సేకరించినది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి, ఎవరు చెప్పారో రాయాలా అన్న ప్రశ్నలకు ఆ క్రియల్లో జవాబు లేదు.

పరిసరాల విజ్ఞానం ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పనలు చేయడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు–ప్రాజెక్టు పనులు, బొమ్మలు గీయడం–నమూనాలు తయారుచేయడం, ప్రశంస–విలువలు అన్న దాని ప్రమాణాల్లో పరిశోధనకు కావలసిన అంశాలు చాలావరకు ఉన్నాయి. చిక్కు ఏమిటంటే అవి వేరువేరు గడుల్లో ఉన్నాయి. ప్రశ్నించడం ఒక గడిలో, ప్రాజెక్టు పని మరొక గడిలో పడ్డాయి. ప్రశ్న లేకుండానే ప్రాజెక్టు పూర్తిచేసి మార్కులు పొందే వీలు ఈ విభజనలోనే ఉంది.

గణిత ప్రమాణాలు సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణలు, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం–దృశ్యీకరణ. వీటిలో అనుసంధానం గమనార్హం. గణితాన్ని నిత్యజీవితంతోనూ ఇతర విషయాలతోనూ కలపాలని కోరే ప్రమాణమిది. ఈ మూడు విషయాల్లోనూ గడి దాటి పక్క విషయం వైపు చూడమని పేరుపెట్టి చెప్పిన ప్రమాణం ఇదొక్కటే. అయితే అవతలి వైపు నుంచి తెలుగుగానీ పరిసరాల విజ్ఞానంగానీ చేయి చాచకపోతే ఆ అనుసంధానం లెక్కల పుస్తకంలోనే ఆగిపోతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ప్రకటించిన అభ్యసన ఫలితాలు కూడా విషయాలవారీగా, తరగతులవారీగా సాగినవే. పరిశీలించినదాన్ని క్రమపద్ధతిలో నమోదు చేయడం వంటి మంచి అంశాలు వాటిలో ఉన్నాయి. కానీ వెతకడం, పోల్చడం, ఎవరు చెప్పారో చెప్పడం ఏ ఒక్క విషయానికీ సొంతం కాని పనులు. విషయాలవారీ పట్టికలో అలాంటి పనులు అందరివీ అయి, చివరికి ఎవరివీ కాకుండా పోతాయి.

4. అంతర్జాలంలో రుద్రంగి

ఒక ఉదాహరణ. ‘మీ ప్రాంతపు కవి గురించి సమాచారం సేకరించండి’ అన్నది ఈ ప్రాంతంలో సులభంగా ఇవ్వదగిన ప్రాజెక్టు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటలో 1931లో పుట్టి, 1988లో జ్ఞానపీఠ పురస్కారం పొందిన సి.నారాయణరెడ్డి పేరు వెంటనే దొరుకుతుంది. తేదీలు, పురస్కారాలు, రచనల జాబితా అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. చూసి రాస్తే నివేదిక సిద్ధం. అదే హన్మాజీపేటకు చెందిన ఒగ్గుకథా కళాకారుడు మిద్దె రాములు గురించి తెలుసుకోవాలంటే పేజీ చాలదు. ఆయన కథ విన్నవాళ్లను అడగాలి, వాళ్లు గుర్తుచేసుకున్న మాటను వాళ్ల మాటలోనే రాసుకోవాలి. పరిశోధన ఏ పనిలో ఎక్కువ జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. మార్కు మాత్రం నిండుగా కనిపించే మొదటి నివేదికకే పడే అవకాశం ఎక్కువ.

మరొక ఉదాహరణ ఊరి పేరే. ‘రుద్రంగి’ అని అంతర్జాలంలో వెతికితే గ్రామ వివరాలతోపాటు 2023లో అదే పేరుతో వచ్చిన చలనచిత్రపు సంగతులూ కలగలిసి వస్తాయి. కథాచిత్రంలోని దొర కథ ఎంతవరకు కల్పన, ఊరి పెద్దలు చెప్పే గతం ఏమిటి అన్నవి వేరు చేసుకోవడం పిల్లలకు ఎదురయ్యే తొలి పరిశోధన సమస్య. ఏ విషయపు ప్రమాణంలోనూ పేరుపెట్టి చెప్పని సామర్థ్యమిది.

అంతర్జాలాన్ని తీసివేయడం దీనికి పరిష్కారం కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఫోను ముందుగా గల్ఫ్‌లో ఉన్న తండ్రి ముఖం చూపే వస్తువు. సమాచారం చూపేది ఆ తరవాతే. దుబాయిలో ఉన్న తండ్రిని వీడియో కాల్‌లో ‘అక్కడ పొద్దున ఎన్ని గంటలకు పనికి పోతవు?’ అని అడగడం కూడా అంతర్జాల పరిశోధనే. అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక అన్న సంగతి గణితమవుతుంది. ఎండ, నీళ్లు, తిండి పరిసరాల విజ్ఞానమవుతాయి. ఆ సంభాషణను నివేదికగా మలచడం తెలుగు అవుతుంది. అంతర్జాలమంటే వెతుకుడు యంత్రమొక్కటే అన్న భావన ప్రమాణాల్లోకి ప్రవేశించకూడదు.

5. ఉమ్మడి ప్రమాణం: ఒక ప్రతిపాదన

పరిశోధన సామర్థ్యాన్ని అన్ని విషయాలకూ ఉమ్మడి ప్రమాణంగా గుర్తించి, తరగతులవారీగా మెట్లు కట్టవచ్చు. మూడవ తరగతిలో సొంత ప్రశ్న ఒకటి, అడిగిన మనిషి ఒకరు, ఆ మనిషి పేరుతో రాసిన మూడు నాలుగు సొంత వాక్యాలు. నాలుగవ తరగతిలో ఇద్దరిని అడగడం, జవాబులు కలిసినచోటు, కలవనిచోటు గుర్తించడం. అయిదవ తరగతిలో మనిషి చెప్పినదాన్ని పుస్తకంతోనో అంతర్జాలంతోనో పోల్చడం, చూసిన పేజీ పేరు రాయడం. ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ పేజీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, నమ్మవచ్చా అన్న విచారణ. ఏడాదికి 16 నివేదికలకు బదులు నాలుగే చేయించి, ఒక్కొక్కదాన్ని అన్ని విషయాల ఉపాధ్యాయులూ తమ తమ ప్రమాణాలతో చూడవచ్చు.

‘మా ఇంట బీడీ పని’ అన్న ఒక్క ప్రాజెక్టును తీసుకుందాం. తునికాకు, తంబాకు, కట్ట, టేకేదారు వంటి మాటలను తల్లి నోట విని అర్థాలతో రాసుకోవడం తెలుగు పదజాలం. కూలి వెయ్యి బీడీల లెక్కన ముడుతుంది. కట్టకు 25 అయితే వెయ్యికి 40 కట్టలు. రోజుకు ఎన్ని, నెలకు ఎంత అన్నవి గణితం. ఆకు ఏ అడవి నుంచి వస్తుంది, తంబాకు దుమ్ము ఊపిరికి ఏం చేస్తుంది అన్నవి పరిసరాల విజ్ఞానం. బీడీ కార్మికుల కోసం 1966లో ఒక కేంద్ర చట్టం వచ్చిందన్న సంగతి అంతర్జాలం చెబుతుంది. ఆ చట్టం చెప్పిన సౌకర్యాల్లో ఇంటికి చేరినవేవో తల్లి చెబుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న తేడాను పిల్ల తన వాక్యంలో రాయగలిగిన రోజున ప్రాజెక్టు పని నెరవేరినట్టు.

పని భారమవుతుందని, బీడీ పని వంటి అంశం పిల్లల్లో చిన్నతనం కలిగిస్తుందని ఆక్షేపణలు రావచ్చు. నివేదికల సంఖ్య తగ్గడమే మొదటిదానికి సమాధానం. రెండవ ఆక్షేపణ బరువైనది. ఇంటి పనిని బయట పెట్టమని ఏ పిల్లనూ బలవంతపెట్టకూడదు. అంశం ఎంచుకునే హక్కు పిల్లలదే కావాలి. కిల్‌పాట్రిక్ చెప్పిన తొలి దశ అర్థం ఇదే. అయితే తల్లి చేతిపని తరగతి గదిలో తెలివిగా గుర్తింపు పొందిన సందర్భం లేకపోవడం వల్లనే ఆ చిన్నతనం నిలిచి ఉందన్నది కూడా ఆలోచించవలసిన మాట.

6. ముగింపు

యూజీసీ 2018లో గ్రంథచౌర్య నివారణ నియమాలను ప్రకటించింది. 10 శాతం వరకు పోలికను మన్నించి, అది దాటితే చర్యల మెట్లు నిర్దేశించింది. ఆ కొలత పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించే దశలో ఎదురవుతుంది. ఎనిమిదేళ్ల వయసులో చూసి రాసినందుకు పదికి పది పొందిన పిల్ల అక్కడికి చేరేసరికి ఆ అలవాటు వేళ్లూని ఉంటుంది. విశ్వవిద్యాలయ తెలుగు శాఖల్లో వాపోయే లోపానికి విత్తనం ప్రాథమిక పాఠశాల చార్టు మీద పడుతున్నది.

తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘ఇవి చేయగలనా?’ అన్న పట్టిక ఉంటుంది. పిల్లలు అవును, కాదు అని గుర్తు పెట్టుకోవాలి. ఆ పట్టికలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ఉమ్మడి ప్రమాణానికి తొలి మెట్టు పడుతుంది: ‘నేను రాసినది నాకు ఎవరు చెప్పారో చెప్పగలను.’ మిగిలిన విషయాల పుస్తకాల్లోకి ఈ వాక్యాన్ని తీసుకుపోయే బాధ్యత తెలుగు ఉపాధ్యాయులది, వారిని తయారుచేసే కళాశాల అధ్యాపకులది.