మందు లేని తూటా

ఇత్తడి తూటా! కడుపున నిప్పు లేనిదానా, ఉరుము విడిచి మెరుపొక్కటే మేన నిలుపుకున్నదానా, నీకు దండం. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం. ఎరుపులో తెలుపు కరిగి, తెలుపులో ఎరుపు ఒరిగి, పొద్దుటెండ రంగై పొంగినదానా! చింతపండు పులుపుతో తోమితే తళతళ, మెత్తని గుడ్డతో తుడిస్తే మిలమిల. పిడికిట పడితే చల్లన, పట్టిన కొద్దీ వెచ్చన.

ఈ రాయలసీమ గడ్డకు నీ కులం కొత్త కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డ నాడు నీకు ఈ బంగారు మేను లేదు. కాగితపు చుట్టలో మందు, ముందు సీసపు గుండు, పళ్లతో చింపి తుపాకిలో కూరే సిపాయి. అదే నీ అవ్వ రూపం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆ వీరుడిని ఉరి తీశారు. ఆ తూటా కాగితాలు కాలిపోయాయి, ఆ పొగ నల్లమలలో కలిసిపోయింది. ఆయన పేరు మాత్రం ఈ సీమ గొంతులో ఇప్పటికీ పాటై పలుకుతోంది.

నీవు వేరు. ఒకసారి పేలి, వెనక టోపీ మాడి, మందంతా మసై రాలిన ఖాళీ గొట్టానివి. ఆ గొట్టం మూతిలో ఉత్త గుండును బిగిస్తే నీ రూపం నిండుతుంది, నీ విషం నిండదు. ప్రాణమున్న తూటాను విప్పి నిన్ను చేయబూనే తెగువకు నా మొక్కు లేదు. చట్టం ఒప్పిన దారిన, మందు వాసనైనా మిగలకుండా రావాలి నీవు. నీ పక్కన చిన్న రంధ్రం వేయాలి. మురళికి రంధ్రం పాట కోసం, నీకు రంధ్రం అభయం కోసం. నంద్యాల చెంత మహానంది కోనేట్లో అడుగు కనిపించినట్టు నీ లోపలి శూన్యం చూసేవాళ్లందరికీ కనిపించాలి.

ఆళ్లగడ్డ దాటి అహోబిలం అడవికి పోయి నరసింహస్వామిని చూడు. స్తంభం చీల్చుకొచ్చిన ఉగ్రుడూ ఆయనే, లక్ష్మిని తొడపై కూర్చోబెట్టుకున్న మాలోలుడూ ఆయనే. అవే గోళ్లు, అదే జూలు, ఆ చూపే వేరు. నీలోనూ ఆ మార్పునే కొలుస్తాను. 1914 నుంచి 1918 దాకా సాగిన మహాయుద్ధంలో కందకాల్లోని సైనికులు ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగుల మీద పూలు చెక్కారు, లతలు చెక్కారు, వాటిని పూలకుండీలుగా ఇళ్లకు పంపుకున్నారు. చావు మోసిన లోహం మీద పువ్వు పూయించిన ఆ వేళ్లకు వెయ్యి నమస్కారాలు!

నీకు పీఠంగా నేను కోరేది ఆళ్లగడ్డ శిల్పి చేతి నల్లరాయి. దేవుళ్ల కనురెప్పలు తీర్చిన ఉలి, అమ్మవారి ముక్కెర చెక్కిన ఉలి, నీ పాదం పట్టేంత గుంటను తొలిచి ఇస్తే చాలు. నల్లరాతి మీద పచ్చని వెలుగై నిలుచో!

పో తల్లీ, కొలువు ముగించి ఊరికొచ్చిన జవాను ఇంటికి కానుకగా పో. ఎవరొచ్చి నిన్ను చూసి అడిగినా ఆయన చేత మాట్లాడించు. లడఖ్ మంచును, రాజస్థాన్ ఇసుకను, పక్కన నడిచి తిరిగిరాని నేస్తం పేరును ఒక్కటీ వదలకుండా చెప్పించు.