చిలుకలో ప్రాణం, తెర మీద మాయ

మాయల ఫకీరు ప్రాణం ఎక్కడుందో తెలియని పిల్లలు ఒకప్పుడు మా నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో ఉండేవాళ్లు కాదు. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలుకలో. ఏ పుస్తకంలోనూ చదవకముందే అది మాకు నోటికొచ్చు. పంటలు ఇంటికి చేరినంక శారదకాండ్లు ఊర్లోకి వచ్చేవాళ్లు. భుజాన తంబుర, బొటనవేలికి అందె, పక్కన వంత పాడే మనిషి. ఒక రాత్రి కాంభోజరాజు కథ, ఇంకో రాత్రి ఆ ఫకీరు ఉన్న బాలనాగమ్మ కథ. బాలనాగమ్మ ఉన్న రాజ్యం పానుగల్లు అని చెప్పేవాళ్లు. నల్లగొండను ఆనుకొని పానగల్లు ఉన్నది. అటు వనపర్తి దగ్గర గుట్ట మీద పానగల్ ఖిల్లా ఉన్నది. కథ ఏ పానగల్లుదన్న వాదులాట పెద్దవాళ్లది. పిల్లలకు మాత్రం అది పక్క ఊర్లో జరిగిన సంగతే.

ఇప్పుడు ఇట్లాంటి కథలను ఫాంటసీ అంటున్నారు. పుస్తకాల దుకాణాల్లో వీటికి విడిగా ఒక అర ఉంటుంది, టీవీల్లో కోట్ల రూపాయల సీరీస్‌లు వస్తాయి. చందమామ సీరియళ్లు, కాశీమజిలీ కథలు, ఆ తర్వాత టోల్కీన్, రౌలింగ్, దొరికిన కొద్దీ చదివినవాణ్ని నేను. వాటిని సినిమాలుగా తీస్తే మొదటి వారంలోనే చూసినవాణ్ని. ఇన్నేళ్లూ చదువుతూ చూస్తూ ఉంటే ఒక్కటి గట్టిగా నమ్మకం కుదిరింది. మాయకు ఒక కట్టడి ఉంటుంది. ఆ కట్టడే కథ. పుస్తకం తెరకెక్కేటప్పుడు సంఘటనలు పోయినా ఫర్వాలేదు, పాత్రలు పోయినా ఫర్వాలేదు, ఆ కట్టడి మాత్రం పోకూడదు.

బాలనాగమ్మ కథనే చూడండి. ఫకీరు జంగమ వేషంలో వస్తాడు, ఆమెను కుక్కను చేసి తన నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజును, వెంట వచ్చిన సైన్యాన్ని రాళ్లను చేస్తాడు. అంతటి శక్తి ఉన్నవాడు ఆమెను మాత్రం తాకలేడు, ఎందుకంటే ఆమె నోము పట్టింది. నోము తీరేదాకా ఆగమంటే ఆగక తప్పదు వాడికి. ఆ గడువులో ఇంటి దగ్గర ఉయ్యాలలో విడిచి వచ్చిన కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడవుతాడు. ఆ పిల్లవాడు కూడా కత్తి పట్టుకొని నేరుగా గట్టు మీదికి పోతే నాన్న పక్కన ఇంకో రాయి అవుతాడు. అందుకే ముందు ప్రాణం ఎక్కడుందో తెలుసుకోవాలి, పక్షుల సాయంతో సముద్రాలు దాటాలి, చిలుకను పట్టాలి. ఫకీరు ఎంత గొప్పవాడో అంత గట్టి తలుపు, తలుపుకు ఒక్కటే తాళంచెవి. వినేవాడికి ఆ తాళంచెవి ఎక్కడుందో ముందే తెలుసు. అయినా గుండె కొట్టుకుంటుంది. కత్తితో నరికితే చచ్చే మాంత్రికుడైతే ఆ కథ రాత్రంతా నడిచేది కాదు, మేము తెల్లారేదాకా కూర్చునేవాళ్లమూ కాదు.

ఈ కథ తెర మీదికి చాలా తొందరగా వచ్చింది. 1942లో ఒకే ఏడాది రెండు సినిమాలు, జెమినీవాళ్ల బాలనాగమ్మ ఒకటి, శాంత బాలనాగమ్మ ఒకటి. జెమినీ సినిమాలో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే మన ఫకీరే. 1959లో మళ్లీ తీస్తే ఆ వేషం ఎస్వీ రంగారావుది. ఎవరు వేసినా ఆ వేషానికి బలం చిలుక నుంచే వస్తుంది. ఇక్కడ చిలుక రెక్క విరిస్తే అక్కడెక్కడో వాడి చెయ్యి పడిపోతుంది. చెప్పేవాడు ఒకదాని తర్వాత ఒకటి చెప్పాల్సిన సంగతిని తెర అటొకసారి ఇటొకసారి చూపించి ఒకేసారి జరుగుతున్నట్టు చేస్తుంది. ఈ కథ సినిమా పుట్టకముందే సినిమా కోసం అల్లినట్టు ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మా పాత నల్లగొండ జిల్లాకు ఈ లోకంతో ఇంకో చుట్టరికం ఉన్నది. కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు మద్రాసు పోయి కత్తి కాంతారావు అయ్యాడు. 1953లో హెచ్.ఎం. రెడ్డి ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడు. నాలుగు వందలకు పైగా సినిమాలు, నారదుడి వేషాలు, కృష్ణుడి వేషాలు. అన్నిటికన్నా మాకు ఇష్టం రాకుమారుడి వేషం. విఠలాచార్య తీసిన జయవిజయ, మదనకామరాజు కథ, గురువును మించిన శిష్యుడు, జ్వాలాద్వీప రహస్యం, ఈ పేర్లు మా తరం పిల్లలకు మంత్రాల వంటివి. పల్లెల్లో టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొని చూసిన సినిమాలు. విలన్ రాజనాలకూ ఆయనకూ కత్తియుద్ధం మొదలైతే హాల్లో ఒక్కడూ కూర్చునేవాడు కాదు.

ఆ కత్తి గురించి ఒక మాట చెప్పాలి. కాంతారావు కత్తి తిప్పితే భుజం, నడుము, కాళ్లు అన్నీ కలిసి కదిలేవి. ముఖంలో అలసట కనిపించేది. మాయల సినిమాల్లో హీరోకు మంత్రం రాదు, మాంత్రికుడికే వస్తుంది. హీరోకు ఉన్నది ఒళ్లు, ధైర్యం, ఇచ్చిన మాట. అందుకే ఆ చెమట అవసరం. ఈరోజుల్లో గ్రాఫిక్స్‌లో హీరో గాల్లోకి లేచి నూరుమందిని ఒక్క దెబ్బకు పడగొడుతుంటే నాకు ఏ ఉత్కంఠా కలగదు. వాడికి ఏది చేతకాదో నాకు తెలియదు కాబట్టి వాడి కోసం భయపడలేను. గుడిబండ రాకుమారుడి కోసం మేము భయపడ్డాం. ఆయన తర్వాత సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నాడు, 2009లో వెళ్లిపోయాడు. తన జీవితకథకు ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని పేరు పెట్టుకున్నాడు. ఆయనను తలుచుకున్నప్పుడల్లా ఆ పేరే ముందు గుర్తుకొచ్చి మనసు బరువవుతుంది.

విఠలాచార్య చేతిలో డబ్బు తక్కువ, ఉపాయాలు ఎక్కువ. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, ఆ చోట్లో మేకను నిలబెట్టి మళ్లీ తిప్పితే మనిషి మేకయ్యాడు. ఒకే ఫిల్మును రెండుసార్లు వాడితే దయ్యం గోడలోంచి నడిచి వచ్చింది. ఇదెట్లా చేస్తారో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవాళ్లు. చెప్పినంక కూడా మాయ తగ్గలేదు. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కూడా ఇటువంటిదే అనుకుంటాను. గర్భగుడిలో లింగం మీద పగలంతా ఒక స్తంభం నీడ పడుతుంది, సూర్యుడు కదిలినా అది కదలదు. బయటి నుంచి స్తంభాల నడుమ తిరిగి, గోడలకు తగిలి లోపలికి వచ్చే వెలుగు వల్ల అట్లా అవుతుందని వివరించారు. వివరం విన్నాక నాకు ఆ నీడ మీద గౌరవం ఇంకా పెరిగింది. కందూరు చోడుల కాలంలో ఎవరో శిల్పి ఎండను లెక్కగట్టి కట్టిన అద్భుతం అది. లెక్క తప్పితే నీడ లేదు. మాయ కథ రాసేవాడికైనా, తీసేవాడికైనా ఆ శిల్పి లెక్క ఉండాలి.

తెలుగులో ఆ లెక్క బాగా తెలిసిన ఇల్లు మద్రాసులో ఉండేది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. 1951లో వాళ్ల విజయా సంస్థే పాతాళభైరవి తీసింది. పిల్లల పత్రిక, పెద్దల సినిమా, రెండూ ఒకే చేతుల నుంచి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల వాసన పాతాళభైరవికి గట్టిగా తగిలింది. అక్కడా ఒక కట్టడి: ఎవరి చేతిలో భైరవి బొమ్మ ఉంటే వాడి కోరిక తీరుతుంది. మంచివాడా చెడ్డవాడా అని భైరవి అడగదు. అందుకే కథానాయకుడు తోటరాముడి చేతి నుంచి నేపాళ మాంత్రికుడి చేతికి బొమ్మ పోయినప్పుడు కథ ఒక్కసారిగా తల్లకిందులవుతుంది. పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి ఆ ఒక్క నియమాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా జారవిడవలేదు. ఇప్పుడు చూసినా సినిమా బిగి సడలదు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు 1950ల నుంచి 1970ల దాకా వచ్చాయి. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. రాసినాయన పేరు పత్రికలో ఉండేది కాదు. చిత్ర అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఉండేవి. ఎలుగుబంటి తోలు కప్పుకున్న మనుషులు, కొమ్ముల శిరస్త్రాణాలు, రాతి వాకిళ్లు. నెలకు కొన్ని పేజీలే. కథలోని వీరులు ఖడ్గవర్మ, జీవదత్తుడు గుహలోకి అడుగుపెట్టగానే ‘ఇంకా ఉంది’. మిగతా నెలంతా ఆ గుహ మాదే. ఇక్కడ మా నేల మాకు చేసిన మేలు ఉంది. భువనగిరిలో ఊరి మీద ఒకే బండ, దాని మీద కోట. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ, ఘనపురం, ఎటు చూసినా గుండ్ల నడుమ కూలిన బురుజులు, మూసుకుపోయిన దారులు. శిథిలాలయం చదివిన పిల్లవాడు ఆదివారం గుట్టెక్కితే శిఖిముఖి, విక్రమకేసరి ఎటు పోయారో వెతుక్కోవచ్చు. చదవడమంటే మాకు అది. పుస్తకం సగం చెప్తే మిగతా సగం గుట్ట చెప్పేది.

ఈ మధ్య మా అన్న బిడ్డ హ్యారీ పోటర్ ఆరో సినిమా చూసి నన్ను అడిగింది. “చిన్నాయినా, వాడు తన పానాన్ని లాకెట్‌ల, కప్పుల ఎందుకు పెట్టిండు? మన గుట్ట మీది ఒక రాయిల పెట్టి ఇడిసిపెడితే ఎవలికి దొరుకుతది?”

ఇంత మంచి ప్రశ్న ఈ పుస్తకాల గురించి నేను ఎక్కడా వినలేదు. “జవాబు పుస్తకంల ఉన్నది బిడ్డా, సినిమాల తీసేసిండ్రు” అన్నాను. 2005లో వచ్చిన ఆ ఆరో పుస్తకంలో గురువు డంబుల్‌డోర్ హ్యారీని పాత జ్ఞాపకాల్లోకి మళ్లీ మళ్లీ తీసుకుపోతాడు. ప్రాణం దాచుకున్న ఆ మాంత్రికుడు వోల్డెమార్ట్ తల్లి ఎంత దరిద్రంలో బతికిందో, ఆమె వంశానికి మిగిలిన ఆ లాకెట్‌ను ఎట్లా అమ్ముకుందో, వాడు దాన్ని మళ్లీ ఎవరిని చంపి సంపాదించాడో చెప్తాడు. అనాథగా పెరిగినవాడికి గొప్ప వంశం కావాలి, గొప్ప వస్తువు కావాలి. అందుకే మామూలు రాయిలో ప్రాణం పెట్టలేడు. వాడిని పట్టిచ్చింది ఆ గర్వమే. 2009లో వచ్చిన సినిమా ఈ జ్ఞాపకాల్లో చాలావాటిని వదిలేసింది. పుస్తకంలో లేని ఇల్లు తగలబెట్టే ఘట్టం ఒకటి చేర్చింది. మంటలు బాగానే ఉన్నాయి. కానీ మాయల ఫకీరు చిలుక గురించి ఎవరూ చెప్పకుండా బాలవర్ధిరాజును సముద్రం మీదికి పంపినట్టయింది. ఆ తర్వాతి సినిమాల్లో పిల్లలు వస్తువు తర్వాత వస్తువు వెతుకుతుంటే, ఎందుకు అదే వస్తువో చూసేవాడికి పట్టలేదు.

పీటర్ జాక్సన్ తీసిన టోల్కీన్ సినిమాల్లోనూ కోతలు తక్కువేం కాదు. టామ్ బాంబడిల్ మొత్తానికే లేడు. చివర హాబిట్లు ఊరికి తిరిగొచ్చి దుర్మార్గులను వెళ్లగొట్టే భాగం లేదు. చదివినవాళ్లు నొచ్చుకున్నారు, నేనూ నొచ్చుకున్నాను. అయినా ఆ సినిమాలు నిలబడ్డాయి. ఆ కథకు మూలమైన మాయ ఉంగరం కట్టడి చెక్కుచెదరలేదు కాబట్టి. దాన్ని మంచికి వాడదామనుకున్నవాడు కూడా చెడతాడు. చివరికి అగ్నిపర్వతం అంచున, దాన్ని అక్కడిదాకా మోసుకొచ్చిన ఫ్రోడో సైతం దాన్ని వదల్లేకపోతాడు. కథానాయకుడు ఓడిపోయే ఆ క్షణాన్ని మార్చకుండా ఉంచడానికి దర్శకుడికి ధైర్యం కావాలి.

ఒక్కచోట మాత్రం నా మనసు రెండుగా చీలుతుంది. నడిచే చెట్లయిన ఎంట్లు పుస్తకంలో రోజుల తరబడి సభ పెట్టుకొని, తొందరపడకుండా యుద్ధానికి నిశ్చయించుకుంటాయి. 2002 సినిమాలో మొదట రామంటాయి, తర్వాత వాటి పెద్ద ట్రీబియర్డ్, శత్రువులు నరికేసిన అడవిని కళ్లారా చూసి కేక పెడితే కదులుతాయి. తొందరపడకపోవడమే వాటి స్వభావం కాబట్టి పుస్తకమే సరి. కానీ నేను పాలమూరు పిల్లలమర్రిని 2018లో చూశాను. చెదలు పట్టి కొమ్మ విరిగి పడ్డాక, జనాన్ని రానీయకుండా, వందల ఏళ్ల మర్రికి కొమ్మ కొమ్మకూ మందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీశారు. మళ్లీ ఆ సినిమా చూస్తే ట్రీబియర్డ్ కేకకు ఒళ్లు జలదరించింది. అక్కడ లెక్క తప్పిన దర్శకుడి మీద నాకు కోపం రాలేదు.

దాసరి సీరియళ్లను ఎవరైనా తెరకెక్కించాలని నా కోరిక. ఇప్పుడు గంటల తరబడి నడిచే సీరీస్‌లు వచ్చాయి, నెలనెలా సాగిన కథలకు అవే సరైన చోటు. శిథిలాలయంతో మొదలుపెట్టమంటాను. తీసేవాళ్లు ముందు మొత్తం చదవాలి. ఏ మాంత్రికుడికి ఏది చేతనవుతుందో, ఏది చేతకాదో మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోవాలి. చివరిదాకా ఆ కాగితం దాటకూడదు. వేషాలకు, ఆయుధాలకు చిత్ర బొమ్మలను ఎదురుగా పెట్టుకోవాలి. వీరుడి వేషం వేసే కుర్రవాడికి కత్తి తిప్పడం నేర్పించాలి, కాంతారావు సినిమాలు చూపించాలి. గ్రాఫిక్స్‌లో కొండలు పుట్టించాల్సిన పని లేదు. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరితే ఎండెక్కకముందే రాచకొండలో కెమెరా పెట్టుకోవచ్చు.