గడియారపు లంఖణము - గని షిఫ్టు

లంఖణం పరమౌషధమను సామెత జ్వరపీడితుల కొఱకు చెప్పునది. నేడు దానిని స్థూలకాయులకు వర్తింపజేయుచున్నారు. దినమున 8 గంటల వ్యవధిలోనే భోజనములన్నియు ముగించి, తక్కిన 16 గంటలు ఆహారము ముట్టకుండుట ఇందు ప్రసిద్ధమైన పద్ధతి. తెలుగునాట 2017-18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన విధానమును గూడ కొందరు ఈ కోవలోనే చేర్చుదురు. కాని అందు ప్రధానమైనది పిండిపదార్థములను మాని కొవ్వును తీసికొనుట, గడియారము కాదు. రెంటిని కలిపి చర్చించినచో ఏ ఫలితము దేనివలన కలిగినదో తేలదు. గనుక గడియారపు లంఖణమునే విడిగా పరీక్షింపవలెను.

2020లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో 116 మంది పాల్గొనిరి. మధ్యాహ్నము 12 మొదలు రాత్రి 8 వరకు మాత్రమే తినినవారు 12 వారములలో సగటున 0.94 కిలోగ్రాము తగ్గగా, మూడు పూటలు తినినవారు 0.68 కిలోగ్రాము తగ్గిరి. ఈ తేడా లెక్కలోనికి రాదు. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 139 మందిని రెండు వర్గములు చేసి, ఇరువురికిని ఆహారమును ఒకే మేరకు తగ్గించి, ఒక వర్గమునకు మాత్రము వేళ నియమము పెట్టిరి. ఏడాదికి ఆ వర్గము 8 కిలోలు, రెండవది 6.3 కిలోలు తగ్గెను. ఇచటను వేళ వలన అదనపు లాభము రుజువు కాలేదు. మొత్తము తిండి తగ్గినప్పుడే బరువు తగ్గుచున్నదన్నమాట. కాలరీలు లెక్కించుకొనలేని వానికి, రాత్రి ఎనిమిది దాటిన తరువాత మిరపకాయ బజ్జీల జోలికి పోరాదను నియమము సులభమగును. ఈ పద్ధతికి ఇవ్వదగిన మార్కులు ఇవి.

ఉపవాసమున కణములు తమ చెత్తను తామే తినివేయుననియు, దీనికి నోబెల్ బహుమతి వచ్చినదనియు ప్రచారకులు చెప్పుదురు. 2016లో యోషినోరి ఓసుమికి బహుమతి వచ్చిన మాట నిజమే. ఆయన శోధించినది ఈస్టు కణములలో ఆ ప్రక్రియ నడచు తీరును. మనిషి నడుము చుట్టుకొలతను కాదు.

ఈ పద్ధతిని రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతమున ఉంచి చూచినప్పుడు మరియొక చిక్కు బయటపడును. బరువు తగ్గవలెనను కోరిక అచట న్యాయమైనదే. తట్ట, చెమ్మసులతో బొగ్గు నింపిన ఫిల్లరు పని ఒంటిని కరగించునది. ఆ పనిని యంత్రములు తీసికొన్నవి. ఓపెన్‌కాస్టులో డంపరు నడుపువాడు షిఫ్టంతయు కూర్చుండియే యుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి లెక్క ప్రకారము, 65 కిలోల పురుషునికి కాయకష్టపు పనియందు దినమునకు 3470 కిలోకాలరీలు కావలెను. కూర్చుండి చేయు పనియందు 2110 చాలును. పని మారియు కంచములోని అన్నము మారనిచో, మిగిలినది నడుమునకు చేరక ఎచటికి పోవును?

చిక్కు గడియారముతోనే వచ్చినది. మధ్యాహ్నము 12, రాత్రి 8 అను వేళలు పగలు మేల్కొని రాత్రి నిద్రించువాని కొఱకు ఏర్పరచినవి. షిఫ్టులు మారు కార్మికుడు ఒక వారము పగలు, మరొక వారము రాత్రి బాయి దిగును. అవే వేళలు పాటించినచో నైట్ షిఫ్టు పని యంతయు పస్తుతోనే సాగును. షిఫ్టును బట్టి వేళ మార్చినచో శరీరమునకు స్థిరమైన వేళయే యుండదు. 2021లో ప్రకటితమైన ఒక ప్రయోగమున 19 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను రాత్రి పనివారివలె మేల్కొలిపి ఉంచిరి. రాత్రి తినినవారి రక్తమున చక్కెర పెరిగినది. పగలు మాత్రమే తినినవారికి పెరగలేదు. ఇది ఆసక్తికరమైన ఫలితమే. కాని అది ప్రయోగశాల. అందు చూచినది చక్కెరను, బరువును కాదు. అచట బొగ్గు తవ్వినవారును లేరు.

మధుమేహమునకు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారి విషయము ఇంకను తీవ్రమైనది. మందు పనిచేయుచుండగా ఆహారము లేనిచో రక్తమున చక్కెర హఠాత్తుగా పడిపోవును. చెమట, వణుకు, కన్నులు తిరుగుట దీని గుర్తులు. భూగర్భ గనిలో ఉక్కకు అందరికిని చెమట పట్టును. కావున ఆ మొదటి గుర్తును ప్రక్కవాడును, తానును గూడ గమనింపకపోవచ్చును. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువానికి ఈ ప్రమాదము చాల తక్కువ. అందుచేత ఏ మందు వాడుచున్నాడో, ఏ వారము ఏ షిఫ్టో అడుగకుండ అందరికిని ఒకే 16 గంటల ఉపవాసమును చెప్పు సలహాదారుడు సగము ప్రశ్నలు మాత్రమే అడిగినవాడు. సద్ది డబ్బాను ఇంట విడుచుటకు ముందు, ఆ మందు వ్రాసిన వైద్యునికి షిఫ్టు పట్టికను గూడ చూపి, మాత్ర మోతాదును, వేళను నిర్ణయించుకొనవలెను.