లేఖలోని మాట, అంచులోని మాట

ఉత్తరం పుస్తకం వంటిది కాదు. పుస్తకం వ్రాసేవాడు పదిమందిని దృష్టిలో పెట్టుకుంటాడు. ఉత్తరం వ్రాసేవాడు ఒక్కరినే ఎదుట నిలుపుకుంటాడు. ఆ ఒక్కరికి తెలిసిన సంగతులను అతడు విడమరచి చెప్పడు. వందేళ్ళ తరువాత ఆ కాగితాన్ని విప్పే మూడవ మనిషికి అందులో సగమే బోధపడుతుంది. మిగిలిన సగాన్ని అందించడానికే పరిష్కర్త అవసరమయ్యాడు. అతనికి రెండు పనులున్నాయి. చేతివ్రాతను ఉన్నదున్నట్లుగా ఎత్తివ్రాయడం మొదటిది. తెలియనివాటిని వివరిస్తూ వ్యాఖ్య చేర్చడం రెండవది.

నేడు గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు ఈ పనికి విద్యార్థులను కొన్ని నెలల తర్ఫీదు మీద తీసుకుంటున్నాయి. ఎత్తివ్రాసే పని సాధారణంగా వాళ్ళ చేతిలోనే మొదలవుతుంది. వారికి ముందుగా నేర్పవలసినది లిపి అని మనం అనుకుంటాం. లిపి అవసరమే. కాని దానికంటే ముందు నేర్పవలసినది ఒకటున్నది: లేఖకుని మాట ఎక్కడ ముగుస్తుంది, మన మాట ఎక్కడ మొదలవుతుంది? ఈ హద్దు చెరిగితే ఏమవుతుందో, నిలిస్తే ఏమవుతుందో రెండు ప్రసిద్ధ గ్రంథాలను పరిశీలిస్తే తెలుస్తుంది.

మొదటిది విలియం కర్క్‌పాట్రిక్ 1811లో లండన్‌లో ప్రకటించిన టిప్పు సుల్తాన్ ఎంపిక లేఖల సంపుటం. కర్క్‌పాట్రిక్ ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి, పారశీకం బాగా తెలిసినవాడు, కొంతకాలం హైదరాబాదులో నిజాం దర్బారు వద్ద రెసిడెంటుగా ఉన్నవాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత సుల్తాన్ కాగితాలు కంపెనీ వశమయ్యాయి. సేనాపతులకు, కిల్లేదార్లకు, వర్తక ప్రతినిధులకు, కర్నూలు, శానూరు, కన్ననూరు పాలకులకు సుల్తాన్ పంపిన లేఖలను వాటిలోనుంచి ఎన్నుకొని, కర్క్‌పాట్రిక్ ఆంగ్లంలోకి అనువదించి, ఇంచుమించు ప్రతి లేఖ క్రిందా తన పరిశీలనలను జోడించాడు.

ఈ గ్రంథానికి ఇవ్వవలసిన మెప్పు ముందుగా ఇవ్వాలి. సుల్తాన్ ప్రవేశపెట్టిన కొత్త పంచాంగాన్ని కర్క్‌పాట్రిక్ శ్రద్ధగా వివరించాడు. ఆ నెలల పేర్లలో ఒక ఏర్పాటున్నది. మొదటి నెల అహ్మదీ, రెండవది బహారీ, మూడవది జాఫరీ. వీటి తొలి అక్షరాలు అలిఫ్, బే, జీమ్. అబ్జద్ లెక్కలో వాటి విలువలు 1, 2, 3. ఇది తెలియనివాడికి లేఖ మీది తేదీ వట్టి శబ్దం. తెలిసినవాడికి ఏ లేఖ ముందో ఏది వెనుకో తేలుతుంది. వ్యాఖ్య చేయవలసిన పని ఇటువంటిదే.

కాని పీఠికలోనే ఆయన తీర్పు చెప్పేశాడు. ఈ లేఖలలో సుల్తాన్ క్రూరశత్రువుగా, మతోన్మాదిగా, నిరంకుశునిగా, చివరకు చిల్లర దుకాణదారుగా కూడా దర్శనమిస్తాడని పాఠకునికి ముందే చెప్పాడు. ఆ మాట విన్న తరువాత పాఠకుడు లేఖలను చదవడు, తీర్పుకు సాక్ష్యాలను మాత్రమే ఏరుకుంటాడు. పూర్తి పారశీక మూలపాఠం గ్రంథంలో లేదు గనుక సరిచూసుకొనే దారి కూడా అతనికి లేదు.

ఒక్క ఉదాహరణ చాలు. బెంగాలు నుంచి తెప్పించే పట్టుపురుగులను పెంచడానికి తగిన చోటు చూడమని శ్రీరంగపట్నం కిల్లేదారుకు వ్రాసిన లేఖ ఇందులో ఉన్నది. మస్కట్‌లోని తన ప్రతినిధికి పంపిన వర్తక విషయాల లేఖలున్నాయి. దేశంలో లేని పంటను, పరిశ్రమను నెలకొల్పాలన్న పాలకుని ఆరాటం వీటిలో మనకు కనిపిస్తుంది. కర్క్‌పాట్రిక్‌కు మాత్రం రాజుకు తగని బేరసారాలు కనిపించాయి. వర్తకం కోసం సముద్రాలు దాటివచ్చి రాజ్యాలు సంపాదించుకున్న ఒక కంపెనీ ఉద్యోగి, వర్తకం చేశాడని ఒక రాజును ఆక్షేపించడం విడ్డూరమే!

ఇంతవరకు మన పాఠకులు సంతోషంగా తల ఊపుతారు. కాని విమర్శ ఇక్కడ ఆగితే న్యాయం కాదు. ఇదే సంపుటంలో కర్నూలు నవాబు రణ్‌మస్త్ ఖాన్‌కు వ్రాసిన లేఖ ఉన్నది. కొడగు తిరుగుబాటును అణచిన తీరును సుల్తాన్ అందులో ఎంతో కఠినమైన మాటలతో వర్ణించాడు. మరొక వైపు, 1916లో మైసూరు పురావస్తు శాఖాధిపతి ఆర్. నరసింహాచార్ శృంగేరి మఠంలో సుల్తాన్ లేఖలను కనుగొన్నారు. 1791లో మరాఠా సైనికులు మఠాన్ని దోచినప్పుడు సుల్తాన్ శంకరాచార్యులకు ఎంతో గౌరవంతో వ్రాసి, ధనధాన్య సహాయం పంపించాడు. ఆ లేఖలు కన్నడంలో ఉన్నాయి.

మన సభలలో శృంగేరి లేఖలు వినిపిస్తాయి, కర్నూలు లేఖ వినిపించదు. ఇతరుల సభలలో కర్నూలు లేఖ వినిపిస్తుంది, శృంగేరి లేఖలు వినిపించవు. రెండు పక్షాలూ చేస్తున్నది కర్క్‌పాట్రిక్ చేసిన పనే. తీర్పు ముందు, లేఖ తరువాత! రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఏ తేదీన, ఏ పరిస్థితిలో, ఎవరికి వ్రాసినదో చూపడమే పరిష్కర్త ధర్మం. ఒక సేనానిగా మిత్రరాజుకు వ్రాసిన మాటకూ, ఒక పాలకునిగా తన రాజ్యంలోని మఠాధిపతికి వ్రాసిన మాటకూ సందర్భాలు వేరు. ఆ సందర్భాలను మనకు చెప్పగలిగేది వ్యాఖ్యయే. మనకు నచ్చని లేఖను పెట్టెలో దాచడం కూడా ఒక విధమైన అబద్ధ సాక్ష్యమేనని మరువరాదు.

రెండవ గ్రంథం ఇంతకు భిన్నమైనది. రాంపూరు రజా గ్రంథాలయాన్ని చిరకాలం నిర్వహించిన ఇమ్తియాజ్ అలీ అర్షీ 1937లో ‘మకాతీబె గాలిబ్’ను ప్రకటించారు. మీర్జా గాలిబ్ రాంపూరు నవాబులైన యూసుఫ్ అలీ ఖాన్‌కు, కల్బె అలీ ఖాన్‌కు వ్రాసిన లేఖలవి. గాలిబ్ ఉత్తరాలు అంతకుముందే అచ్చయ్యాయి. ‘ఊదె హిందీ’ 1868లోను, ‘ఉర్దూయె ముఅల్లా’ ఆయన మరణించిన కొద్దిరోజులకే 1869లోను వెలువడ్డాయి. కాని అవి శిష్యులు, మిత్రులు కూర్చినవి. అర్షీ చేతిలో ఉన్నవి దర్బారులో భద్రపరచిన అసలు కాగితాలు.

గాలిబ్ వ్రాతలో ఒక పట్టుదల ఉన్నది. అచ్చమైన పారశీక పదాలలో జాల్ అనే అక్షరానికి చోటు లేదని ఆయన వాదం. అందువల్ల లోకమంతా జాల్‌తో వ్రాసే కొన్ని పదాలను ఆయన జేతో వ్రాసేవాడు. తెలుగులో రెండింటినీ జ అనే వ్రాస్తాం గనుక మనకు తేడా తెలియదు. ఉర్దూ లిపిలో ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. తర్ఫీదులో ఉన్న విద్యార్థి దీనిని చూసి, కలం జారిందని తలచి, నిఘంటువు ప్రకారం దిద్దితే ఏమవుతుంది? పేజీ శుభ్రంగానే ఉంటుంది, కాని ఒక మహాకవి జీవితమంతా నిలబెట్టుకున్న భాషాభిప్రాయం ఆ దిద్దుబాటుతో తుడిచిపెట్టుకుపోతుంది. తప్పుగా కనిపించినదానిని తప్పుగానే ఎత్తివ్రాసి, సందేహాన్ని అంచున వ్రాయాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

ఈ లేఖలలో చాలా భాగం డబ్బు విషయం. 1857 తరువాత గాలిబ్‌కు ప్రభుత్వ పింఛను ఆగిపోయింది. 1859 జూలై నుంచి రాంపూరు దర్బారు నెలకు 100 రూపాయలు పంపసాగింది. ఆ రూపాయలు ముట్టాయని, అప్పులు తీరలేదని, మరికొంత సహాయం కావాలని ఆ మహాకవి మళ్ళీ మళ్ళీ వ్రాసుకోవలసి వచ్చింది. అభిమానికి ఇవి చదవడం కష్టం. అయినా అర్షీ వాటిని దాచలేదు, సాగదీసి జాలి పుట్టించలేదు, ఎగతాళీ చేయలేదు. దర్బారు దస్తావేజులను పక్కన పెట్టుకొని, ఎవరెవరో, ఏ సంగతి ఏదో చెప్పి తాను తప్పుకున్నారు.

ఇక్కడ ఒక ధర్మసందేహం రాక మానదు. ఒకరి ఆంతరంగికమైన ఉత్తరాన్ని లోకానికి చూపవచ్చునా? గాలిబ్ స్వయంగా 1858లో తన ఉత్తరాల ప్రచురణకు మొదట ఒప్పుకోలేదు, తరువాతనే సమ్మతించాడు. ఇతరుల లోపాలను వెతకరాదని, కప్పి ఉంచాలని ఇస్లాం మనకు నేర్పుతుంది. కాలం గడచి, చరిత్రకు ఆధారమైన కాగితం విషయంలో దానిని పూర్తిగా మూసిపెట్టమని మనం అనలేము. కాని ఆ బోధన వ్యాఖ్యాతకు ఒక హద్దును తప్పక గీస్తుంది. లేఖకుని పేదరికాన్ని, కోపాన్ని, బలహీనతను అతని మాటలలో ఉన్నంతవరకే ఉండనివ్వాలి. మన విశేషణాలతో దానిని పెంచరాదు. చనిపోయినవాడు తిరిగి జవాబు వ్రాయలేడు.

ఈ క్రమశిక్షణ మనకు కొత్తది కాదు. దైవప్రవక్త (స) రోము చక్రవర్తి హిరఖ్ల్‌కు పంపిన లేఖలో ఒక పదం ‘అరీసియ్యీన్’ అని, ‘యరీసియ్యీన్’ అని రెండు విధాలుగా అందింది. రైతులని కొందరు, ఒక క్రైస్తవ శాఖవారని కొందరు అర్థం చెప్పారు. హదీసు పండితులు పదాన్ని తమ అర్థానికి అనువుగా మార్చలేదు. పాఠాన్ని పాఠంగా ఉంచి, చర్చను షర్హ్‌లో జరిపారు. నకలును మూలంతో పోల్చి చూడడాన్ని ముఖాబలా అన్నారు. హదీసుకూ హదీసుకూ నడుమ ఒక సున్న చుట్టి, పోల్చి చూసిన తరువాత అందులో చుక్క పెట్టేవారు. చుక్కలేని సున్న, ఇంకా సరిచూడలేదని చెప్పే నిజాయితీగల గుర్తు. హైదరాబాదులో 1908లో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, ప్రవక్త (స) కాలపు, ఖులఫాయె రాషిదీన్ కాలపు రాజకీయ లేఖలను సేకరించి 1941లో కైరోలో ప్రకటించినప్పుడు ప్రతి పత్రానికీ ఆధారాలను, పాఠభేదాలను చూపారు. ఆ పాత పద్ధతినే ఆయన కొత్త కాలానికి తెచ్చారు.

మన ముంగిట పని చాలా ఉన్నది. హైదరాబాదు ప్రభుత్వ పురాతన పత్రాగారంలో మొగలుల కాలపు దక్కను దస్తావేజులు విస్తారంగా ఉన్నాయి. యూసుఫ్ హుసేన్ ఖాన్ సంపాదకత్వంలో 1950లో షాజహాన్ కాలపు, 1958లో ఔరంగజేబు కాలపు ఎంపిక పత్రాలు వెలువడ్డాయి. అవి ఎంపికలు మాత్రమే. మిగిలినవాటిని చదవాలంటే చుక్కలు వదిలేసి అక్షరాలను కలిపివేసే షికస్తా వ్రాత తెలియాలి, లెక్కలు వ్రాసే సియాఖ్ గుర్తులు తెలియాలి. ఇవి ఒకరి దగ్గర కూర్చుని నేర్వవలసిన విద్యలు. తర్ఫీదుకు వచ్చే విద్యార్థులలో మన పిల్లలు ఉండాలని కోరుకోవడం సహజం. వారు మన పక్షాన వాదించడానికి కాదు, సరిగా చదవడానికి అక్కడ ఉండాలి.

ఎందుకంటే మన ఇళ్ళలో తాతల ఉత్తరాలు ఉర్దూలో ఉన్నాయి, మనుమలు తెలుగు చదువుతున్నారు. మూలాన్ని చదవలేని ఈ పాఠకుడు పూర్తిగా పరిష్కర్త మీద ఆధారపడతాడు. కర్క్‌పాట్రిక్ పాఠకుని స్థితీ ఇదే. కనుక చదవలేకపోయిన చోట చదవలేదని గుర్తు పెట్టాలి. ఊహించిన అక్షరాన్ని ఊహ అని తెలిసేటట్లు చూపాలి. లేఖ మీది తేదీని యథాతథంగా ఇచ్చి, ఆ పక్కన క్రీస్తుశకం ఇవ్వాలి. మరొకరు మూలం చూస్తుండగా నకలును పైకి చదివి సరిచూడాలి. దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలోని 282వ ఆయత్ అప్పు పత్రం వ్రాసే లేఖరిని న్యాయంగా వ్రాయమని ఆదేశించింది. ఇద్దరి మధ్య చిన్న బాకీ విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, ఒక తరం మాటను మరొక తరానికి అందించే లేఖరికి ఎంత జాగ్రత్త కావాలి!