కిసో బాట: నవలయు, విహారయాత్రయు

గ్రంథము చదివి ఊరు చూడబోవుట యొక యాచారము. ఊరు చూచి వచ్చి గ్రంథము చదువుట మఱియొకటి. ఈ రెండింటికిని నడుమ నేడు మూడవది యొకటి బయలుదేఱినది: గ్రంథమును చదువకయే, దాని కథను మార్గదర్శి నోట వినుచు, ఆ కథ జరిగిన బాటపై నడచుట. జపాను పల్లెసీమలలో ఈ మూడవ పద్ధతి మిక్కిలి వ్యాప్తి నందినది. దేశదేశములనుండి వచ్చిన జనులు చిన్న చిన్న బృందములుగా పాత బాటల వెంట నడచి, పాత ఇండ్లలో బసచేసి, మార్గదర్శి చెప్పిన చరిత్రను మూటగట్టుకొని పోవుచున్నారు. ఇందువలన సాహిత్యమునకు మేలా, కీడా యను ప్రశ్న విమర్శకుడు వేసికొనదగినది. దానికి సమాధానమును ఊహలలో వెదకుటకంటె ఒక బాటను, ఒక నవలను ఎదురెదుర నిలిపి చూచుట మేలు. బాట కిసో లోయలోనిది. నవల షిమజాకి తోసొన్ రచించిన ‘యోఅకే మాయే’. అనగా ‘తెల్లవాఱక మునుపు’.

తొకుగావా ప్రభువుల కాలమున ఎదో నగరమునుండి క్యోటోకు పోవుటకు ప్రధానమైన రాజమార్గములు రెండుండెను. ఒకటి సముద్రతీరము వెంట సాగిన తొకైడో. రెండవది కొండల నడుమ సాగిన నకసెండో. నకసెండోపై 69 మజిలీలు. వానిలో 11 కిసో లోయలోనివి. ఆ లోయ దక్షిణపు కొనయందు 42వ మజిలీ త్సుమాగో, 43వ మజిలీ మగోమె. ఈ రెండు పల్లెల నడుమ ఒక కనుమ. ఇంచుమించు 8 కిలోమీటర్ల నడక. నేటి యాత్రికులు ఎక్కువగా నడచుచున్నది ఈ తునకనే. రాతిపలకలు పఱచిన ఎగువబాట, పొడవైన సూదియాకు చెట్ల నీడ, ఎలుగుబంట్లను బెదరించుటకై దారి ప్రక్కన వ్రేలగట్టిన గంటలు, నడుమ నొక పాతకాలపు విడిదియింట వెలపుచ్చుకొనక ఇచ్చు తేనీరు, ఇవన్నియు నడచువాని మనస్సును లోగొనును. ఈ ఆనందమును చులుకన చేయుట న్యాయము కాదు. కొండగాలియు, నడక యలసటయు మానవుని కొంత వినయవంతుని జేయును. వినయమున్నచోట వినుటకు చెవి యేర్పడును. అయితే ఆ చెవిని పడుచున్న కథ యెట్టిది యన్నదే ప్రశ్న.

తోసొన్ 1872లో మగోమెలో జన్మించెను. ఆ వంశము తరతరములుగా మూడు బాధ్యతలు వహించినది: బాటపై పోవు ప్రభువులకు విడిది యిచ్చుట, గ్రామపెద్దరికము, మజిలీనుండి మజిలీకి బరువులు చేరవేయించుట. తండ్రి మసాకి ఆ వరుసలో కడపటివాడు. ‘యోఅకే మాయే’ 1929 మొదలు 1935 వఱకు ‘చూఓ కోరోన్’ పత్రికలో వెలువడినది. తండ్రి జీవితమే దానికి మూలద్రవ్యము. నవలలో ఆయన పేరు అఒయామ హన్‌జో. 1853లో అమెరికా యోడలు జపాను తీరమునకు వచ్చిన నాటినుండి 1886లో హన్‌జో మరణించు నాటివఱకు కథ సాగును. రచయిత కల్పనను మాత్రమే నమ్ముకొనలేదు. మగోమెలోనే మఱియొక పెద్దయింటి యజమాని 1826నుండి 1870వఱకు వ్రాసికొన్న దినచర్య ఆయనకు లభించినది. వానలు, ధరలు, ప్రభువుల రాకపోకలు, కూలీల తగవులు అందున్నవి. రాజధానిలో జరిగిన విప్లవమును పల్లె యరుగుపై కూర్చుండి చూచిన చూపు ఈ నవలకు అబ్బినది ఆ దినచర్య వలననే.

ఈ నవలలో బాట యనగా సౌందర్యము కాదు, బరువు. కిసోలోని ప్రతి మజిలీయు ప్రభుత్వపు రాకపోకలకై 25 మంది మనుష్యులను, 25 గుఱ్ఱములను సిద్ధముగా నుంచవలెను. అవి చాలనిచో చుట్టుపట్ల పల్లెలు ఆ లోటు పూడ్చవలెను. ‘సుకెగో’ యను ఆ కట్టడిని మన పాఠకునకు వివరింపనక్కఱలేదు. వెట్టి యన్న చాలును. నాటు వేయవలసిన రైతు నాగలి విడిచి ఎవరిదో పెట్టె మోయుటకు పోవలెను. 1861లో రాకుమారి కజునోమియా షోగునును పెండ్లాడుటకై క్యోటోనుండి ఈ బాటనే తరలినప్పుడు వేలకొలది పరివారము ఈ యిఱుకు లోయగుండ పోయినది. చరిత్రగ్రంథములలో అది రాజకీయ వివాహము. నవలలో అది ఎన్ని పల్లెలనుండి ఎంతమంది కూలీలను రప్పింపవలెను, ఎన్ని గుఱ్ఱములు కావలెను, ఎవరు కూలిపోవుదురు అను లెక్క. మఱియొకచోట ఎద్దులపై బరువులు తోలువారు తమ కూలిని కాజేయుచున్న వర్తకునకు ఎదురు తిరిగి పని మానివేయుదురు. ఆ ఘట్టము నవలలోని మిక్కిలి సజీవములైన వానిలో నొకటి.

నేడు యాత్రికులు మెండుగా వచ్చు కాలమున మగోమెలో ఉదయము అప్పగించిన సంచి మధ్యాహ్నమునకు త్సుమాగోలో చేతి కందును. యాత్రికుడు వట్టిచేతులతో కనుమ యెక్కును. ఇందు తప్పేమియు లేదు. కాని బరువు చరిత్రయే చరిత్రగా గల బాటను బరువెఱుగక దాటుచున్నాడని ఆ సంచి యప్పగించు చోటనే ఒక్కమాట చెప్పగల మార్గదర్శి యున్నచో, ఆతడు పుస్తకములోని నూఱు పుటల నొక్క వాక్యమున చదివి వినిపించినవాడగును.

మార్గదర్శి పని చక్కగా నెఱవేఱుచున్న చోట్లును కలవు. త్సుమాగోలో ‘ఒకుయా’ యను పెద్దయిల్లు నేడు ప్రదర్శనశాలగా నున్నది. చూడవచ్చినవారిని నిప్పుగుండము చుట్టు కూర్చుండబెట్టి, ఎవరు ఏ దిక్కున కూర్చుండెడివారో, పొగ కఱ్ఱకు నలుపు నెట్లు పట్టించెనో, కిటికీ కమ్ములగుండ వెలుగు ఎట్లు దిగునో అచటివారు వివరింతురు. ఆ యిల్లు 1877లో హినోకి కఱ్ఱతో కట్టబడినది. ఈ సంవత్సరమునందే అర్థమంతయు నున్నది. అంతకు మునుపు ఓవారి ప్రభువుల యేలుబడిలో హినోకి మొదలైన ఐదు జాతుల చెట్లను పల్లెవారు నఱుకరాదు; చెట్టు కొకటి తల యని సామెత పుట్టునంతటి కఠినశాసనము. క్రొత్త ప్రభుత్వము వచ్చి ఆ నిషేధము తొలగినందుననే సంపన్నుడు హినోకితో ఇల్లు కట్టగలిగెను.

అదే దశాబ్దమున సామాన్యులకేమి జరిగెను? నవల రెండవ భాగమునకు ఆయువుపట్టు ఇదియే. తెల్లవాఱినది, అడవి మనది యగునని హన్‌జో యాశించెను. హిరాతా సంప్రదాయపు దేశీయ విద్యను నమ్మిన యాతనికి క్రొత్త యుగమనగా ప్రాచీన ధర్మపు పునరుద్ధరణము. కాని అడవి ప్రభుత్వపు సొత్తయ్యెను. పూర్వము పుల్లయేఱుకొన్న తావులు కూడ మూతపడెను. పల్లెల పక్షమున అర్జీ వ్రాసిన హన్‌జో గ్రామపెద్దరికము పోగొట్టుకొనెను. పిమ్మట రాజధానిలో చక్రవర్తి యూరేగింపు మీదికి పద్యము వ్రాసిన విసనకఱ్ఱను విసరెను. హిదా కొండలలో దేవాలయ పూజారిగా కొన్నాళ్లుండెను. తుదకు మతి చెడి తన వంశము కట్టించిన బౌద్ధాలయమునకే నిప్పు పెట్టబోయి, కఱ్ఱకటకటాల గదిలో ప్రాణము విడిచెను. ఒకుయా యింటి నున్నని స్తంభమును చూపి ‘ఎంత సొగసు!’ అని యాగిన వ్యాఖ్య సగము వ్యాఖ్య. ఆ స్తంభము ఒకరికి దక్కిన స్వేచ్ఛ. ఆ స్తంభము నిచ్చిన యడవి పెక్కుమందికి దక్కని స్వేచ్ఛ. రెండును కలిసిననే ఆ యింటి కథ పూర్తియగును.

నవలలో నింతకంటె లోతైన ఘట్టము మఱియొకటి కలదు. 1868లో ధరల పెరుగుదలకు తాళలేక రైతులు తిరుగబడుదురు. పల్లెజనుల మేలుకోరి పాటుపడుచున్నానని నమ్మిన హన్‌జోకు ఆ సంగతి ముందుగా తెలియదు. తనకు పరిచితుడైన రైతు నడిగినప్పుడు, మీవంటివారికి నిజము చెప్పువా రెవరుందురను భావముగల సమాధానము వచ్చును. ఆ సమాధానమునందు కోపము లేదు. తరతరముల యెడము మాత్రమే యున్నది. దయగల పెద్దకును నోరులేని పేదకును నడుమనున్న దూరమును తోసొన్ ఒక్క మాటలో కొలిచినాడు. ఇది తన తండ్రినిగూర్చి కుమారుడు చెప్పిన మాట యని తలచినప్పుడు దాని నిజాయితీ మఱింత స్పష్టమగును.

నా దృష్టిలో ఈ ఘట్టమే నేటి విహారయాత్రకు గీటురాయి. యాత్రికుడును మంచివాడే, పల్లెపై ప్రేమతో వచ్చినవాడే. కాని ఆతనికి నిజము చెప్పువా రెవరు? అతిథికి నచ్చని మాట అతిథేయి చెప్పడు. అది మర్యాద, జీవనోపాధి కూడ. పిల్లలు పట్టణములకు పోయిరనియు, పెద్దయిండ్లను కాచుట ముసలివారికి తలకు మించిన పని యనియు చెప్పినచో అతిథి సంతోషము కొఱవడునేమో యను సంకోచము. హన్‌జోకు చెప్పని రైతు భయముచేత చెప్పలేదు. నేటి పల్లెవాడు మర్యాదచేత చెప్పడు. వినువానికి మాత్రము ఫలమొక్కటే.

నవలకును లోపము లేకపోలేదు. ఆ రైతు సమాధానము చెప్పి పోవును. మరల మనమాతని యింటికి పోము. కథ యంతయు పెద్దయింటి కిటికీనుండి చూడబడినదే. బరువు మోసినవాని భుజము మనకు కనబడును గాని వాని మనస్సు కనబడుట అరుదు. అందుచేత నవలను చేతబట్టి బాటపై నడచువాడు సంపూర్ణ సత్యమును పట్టుకొన్నట్లు భ్రమపడరాదు. కాని తన కెఱుక లేనిదేదో యున్నదని తానే యొప్పుకొన్న గ్రంథము అది. ఆ యొప్పుకోలు విహారయాత్రలకు ఇంకను అలవడవలసియున్నది.

ఇక పల్లెల సంగతి. మగోమె 1895లో అగ్నికి ఆహుతియైనది. తోసొన్ పుట్టిన యింట పెద్దలు విశ్రాంతికై యుంచుకొన్న చిన్న గృహము మాత్రమే మిగిలినది. ఆ స్థలమున 1947లో గ్రామస్థులు తమ చెమటయోడ్చి తోసొన్ స్మారకమందిరము నిర్మించుకొనిరి. నమూనా తానిగుచి యోషిరో యను వాస్తుశిల్పిది. యుద్ధమున నోడి ఆకలితో నున్న దేశమున ఒక కొండపల్లె మొదట కట్టుకొన్న వానిలో రచయిత మందిర ముండుట సామాన్యవిషయము కాదు. అయినను 2005లో ఆ పల్లెభాగము నగానో మండలమును విడిచి గిఫు మండలములోని నకత్సుగావా నగరమున కలిసినది. నగానో వారికి తమ మహారచయిత జన్మస్థలము చేజాఱినదన్న బాధ. పల్లెకు మాత్రము నకత్సుగావా ఇరుగుపొరుగు పట్టణము. సాహిత్యగౌరవముకంటె దినదిన జీవితమునకు విలువ యెక్కువ యని పల్లె తలచినచో తప్పుపట్ట నెవ్వరికిని హక్కులేదు. పల్లె స్మారకచిహ్నము కాదు, కాపురము.

త్సుమాగో కథ వేఱు. 1911లో చూఓ రైలుమార్గము పూర్తియైన పిమ్మట బాట పాడుపడినది. ఆ పేదఱికమే పాత యిండ్లను కాపాడినది. 1968లో వాని పునరుద్ధరణము మొదలైనది. 1971లో గ్రామవాసులు తమలో తామొక కట్టుబాటు చేసికొనిరి: అమ్మము, అద్దె కీయము, కూలద్రోయము. 1976లో ప్రభుత్వము రక్షణకై మొదట నెన్నుకొన్న పాత వీథులలో త్సుమాగో యొకటి. ఈ కట్టుబాటును విహారయాత్రకై పన్నిన యుపాయమని మాత్రమే తలచువారు ‘యోఅకే మాయే’ చదువనివారు. అర్జీ వ్రాసి అడవిని పోగొట్టుకొన్న లోయ అది. నూఱేండ్ల తరువాత ఆ లోయలోనే ఒక పల్లె, అర్జీ యెవరికిని పెట్టక, తన సొత్తును తానే బిగియించి పట్టుకొన్నది. హన్‌జో గెలువలేని వ్యాజ్యమున ఇది యొక చిన్న గెలుపు. దీనికి వెలయు లేకపోలేదు: ఇల్లు తనదయ్యును ఇచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు వీలులేదు. ఆ వెలను చెల్లించుచున్నది పల్లె. అందమును చూచి పోవుచున్నది యాత్రికుడు.

కావున మార్గదర్శి పని వ్యాఖ్యాత పని. మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు మన మల్లినాథసూరి పెట్టుకొన్న నియమమును ఎల్లరు నెఱుగుదురు. బాటకు వ్యాఖ్యానము చెప్పువానికి దానితోపాటు మఱియొక నియమము కావలెను: కఠినమైన చోటును దాటవేయకుండుట. కఠినపదమును విడిచి సులభపదములకు మాత్రమే అర్థము చెప్పిన వ్యాఖ్య విద్యార్థి కెంత నిరుపయోగమో, వెట్టిని విడిచి తేనీటిని మాత్రమే చెప్పిన నడక యాత్రికునకు అంత నిరుపయోగము. నవల యాత్రకు అలంకారము కాదు, దానికి ప్రశ్నపత్రము. ఆ ప్రశ్నలకు పల్లెవాడు తన మాటలలో, తన కిష్టమైనంత మేర, జవాబు చెప్పుకొను తావు నిచ్చిన నాడే ఆ నడక చదువగును. అంతవఱకు అది ఆరోగ్యప్రదమైన వ్యాయామము మాత్రమే.