సాలీడు ఎందుకు పారిపోలేదు

కాలిఫోర్నియాలో కొండలు అంటుకున్నప్పుడల్లా ఒక పాత వ్యాసం మళ్ళీ బయటికొస్తుంది. మైక్ డేవిస్ రాసిన ‘ది కేస్ ఫర్ లెటింగ్ మాలిబూ బర్న్’. మాలిబూని కాలనివ్వండి అని పేరులోనే చెప్పేసిన వ్యాసం. 1995లో అచ్చయింది, 1998లో ‘ఎకాలజీ ఆఫ్ ఫియర్’ పుస్తకంలో చేరింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మండుతున్నప్పుడు నా తెలుగు మిత్రులు కొందరు కూడా దీన్ని షేర్ చేశారు. పైన ఒక వాక్యం జోడించి: ‘తెలిసి తెలిసి నిప్పులో ఇల్లు కట్టుకున్నోళ్ళ మీద జాలెందుకు?’

నాకా వ్యాసం ఇష్టం. డేవిస్ లెక్క సూటిగా ఉంటుంది. మాలిబూ కొండల మీది పొదలు కొన్నేళ్ళకోసారి కాలడం అక్కడి ప్రకృతి. శాంటా అనా గాలి వీచే రోజుల్లో ఆ మంటని ఎవరూ ఆపలేరు. అయినా అక్కడ కోట్ల ఇళ్ళకి అనుమతులిస్తారు, కాలితే జనం డబ్బుతో ఆర్పుతారు, మళ్ళీ కట్టుకోనిస్తారు, ఈసారి ఇంకా పెద్దవి. అదే నగరంలో వెస్ట్‌లేక్ అనే పేటలో, వలస కూలీలు కిక్కిరిసి బతికే పాత అపార్ట్‌మెంట్లు తగలబడి మనుషులు చచ్చిపోతుంటే మాత్రం నిబంధనలు అమలు చేసే నాథుడుండడు. ఈ రెండో సగం స్క్రీన్‌షాట్లలో కనపడదు. అది లేకపోతే మిగిలేది ఉత్త కచ్చ.

నా అభ్యంతరం ఇంకొకటి. డేవిస్ వ్యాసంలో ఇంటి యజమానికి రాత్రి అనేది ఉండదు. అతను ఎప్పుడూ దశాబ్దాల దూరం నుంచే కనిపిస్తాడు: ఓటరుగా, పన్ను ఎగ్గొట్టేవాడుగా, రియల్ ఎస్టేట్ లాబీగా. కరెంటు పోయి, ఫోన్ సిగ్నల్ పోయి, ఒక చేతిలో నీళ్ళ పైపు, ఇంకో చేతిలో కారు తాళాలు పట్టుకుని వాకిట్లో నిలబడిన మనిషిగా ఒక్కసారీ కనిపించడు. విధానం గురించి రాసేవాడికి ఆ మనిషితో పనిలేదనుకోవచ్చు. కానీ వ్యాసాన్ని సాహిత్యంగా చదివి, సాహిత్యంగానే పంచుకుంటున్నాం కదా.

2025 జనవరి 7 సాయంత్రం ఈటన్ లోయలో మంట మొదలైంది. దాని కింద ఆల్టడీనా ఊరు. ఇంకెక్కడా ఇల్లు కొననివ్వని కాలంలో నల్లజాతి కుటుంబాలు వచ్చి స్థిరపడింది ఎక్కువగా లేక్ అవెన్యూ అనే రోడ్డుకి పడమటి వైపు. తూర్పు వైపు వాళ్ళకి ఖాళీ చేయమని ఆ సాయంత్రమే చెప్పారు. పడమటి వాళ్ళకి ఆ ఆదేశం తెల్లవారుజామున మూడు దాటాక గానీ రాలేదు. ఆ మంటలో చనిపోయిన వాళ్ళలో దాదాపు అందరూ పడమటి వాళ్ళే, ఎక్కువమంది ముసలివాళ్ళు. తొమ్మిది వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ‘తెలిసి తెలిసి కట్టుకున్నోళ్ళు’ అనే మాట వీళ్ళకి ఎట్లా అతుకుద్దో నాకు అర్థం కాదు. ఇక బీమా సంగతి. 2024 మార్చిలోనే ఒక పెద్ద సంస్థ కాలిఫోర్నియాలో దాదాపు 72 వేల పాలసీలు పొడిగించమని చెప్పేసింది.

ఇదంతా నేను శ్రీకాళహస్తిలో కూర్చుని చదివాను. మా ఊరి పేరు మొదటి అక్షరంలోనే ఒక అగ్నిప్రమాదం ఉంది. శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. సాలీడు శివలింగం చుట్టూ తన దారంతోనే గుడులూ గోపురాలూ అల్లింది. శివుడు పరీక్షించాలనుకుని పక్కనున్న దీపం మంట ఆ గూటికి తగిలేట్టు చేశాడు. కట్టిందంతా కాలిపోతుంటే సాలీడు పక్కకి తప్పుకోలేదు. ఆ దీపాన్నే మింగేద్దామని ఎగబడింది. ధూర్జటి ‘కాళహస్తి మాహాత్మ్యం’లో చదివినా, గుడి దగ్గర గైడు నోట విన్నా దీన్ని భక్తి కథగానే చెప్తారు. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఇది ఇంటి కథ. ఆ ఇల్లు దాని ఒంట్లోంచి తీసిన దారం. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అనే మనకి ఆ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళ ఈఎంఐ కూడా దారమే, ఒంట్లోంచి వచ్చేదే.

మా ఊళ్ళో నిజంగానే ఇళ్ళు ఖాళీ చేయించిన సందర్భం ఒకటుంది. నిప్పు కాదు, రాయి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలింది. పగుళ్ళు పెరుగుతున్నాయని ముందే చుట్టుపక్కల వాళ్ళని పంపించేశారు కాబట్టి మనుషుల ప్రాణాలు పోలేదు. అప్పటి మాటలు ఇంకా చెప్పుకుంటారు. ఒక దుకాణం పెద్దాయన నాతో అన్నాడు: ‘పోయేదానికేం సామీ, కాళ్ళున్నాయి గదా. తాళమేసి పోతే, మళ్ళా వచ్చేతలికి ఆ తాళం మందే అని చెప్పేవాడెవురు?’ ఆయన చేతిలో పట్టా లేదు, బాడుగ రసీదు లేదు. రోజూ పొద్దున అక్కడ షట్టర్ ఎత్తడమే ఆయనకున్న పత్రం. కదలనివాళ్ళని మనం మొండివాళ్ళంటాం, మూఢులంటాం. కదిలితే హక్కు పోతుందన్న భయం మాత్రం మన కథల్లో నాకు పెద్దగా కనపడలేదు.

అడవి నిప్పుకొస్తే మన దగ్గర ఇంకో తమాషా. 2014 మార్చిలో శేషాచలం కాలి, తిరుమల మీదికి హెలికాప్టర్లు వచ్చినప్పుడు గుర్తుంది. మేకలు కాసేవాడా, బోదగడ్డి కోసేవాడా, బీడీ పారేసినవాడా అన్నదే ఊరంతా మాట. అక్కడ కొండ మీద డబ్బున్నోడు, ఇక్కడ కొండ మీద ఏమీ లేనోడు. ఇద్దరి విషయంలోనూ మనం ముందు అడిగేది తప్పెవరిదని.

సరే, సాలీడు దగ్గరికి వద్దాం. ఆ కథతో నాకొక పేచీ ఉంది. చివర్లో శివుడు ప్రత్యక్షమై మోక్షం ఇస్తాడు. అంటే కదలకపోవడానికి బహుమతి దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో చాలాకాలం ‘సిద్ధంగా ఉండి ఇల్లు కాపాడుకో, లేదా ముందే వెళ్ళిపో’ అని అధికారికంగానే చెప్పేవాళ్ళు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇళ్ళల్లోనే. ఆ తర్వాత విచారణ సంఘం, ముందే వెళ్ళిపోవడమే అన్నిటికంటే క్షేమమని గట్టిగా చెప్పమంది. అక్కడ ఎవరికీ ఎవరూ ప్రత్యక్షం కాలేదు. సాలీడుని ప్రేమించొచ్చు, ఆదర్శంగా పెట్టుకోకూడదు.

అందుకే నేను ఇంకా పాత నిప్పు దగ్గరికి పోతాను. ఆదిపర్వం చివర ఖాండవ దహనం. మన విమర్శకి అది ఎక్కువగా కృష్ణార్జునుల పరాక్రమమో, లేకపోతే ఈమధ్య అడవి మీద రాజ్యం చేసిన దాడో. రెండో చదువు నాకు దగ్గర. అక్కడ పారిపోవడమే చావు, బయటికొచ్చిన ప్రాణినల్లా వాళ్ళిద్దరూ కొడుతున్నారు. ఆ పొగ మధ్యలో జరిత అనే పక్షి, రెక్కలు రాని నలుగురు పిల్లలు. ఎలుక కన్నంలో దూరండి, పైన మట్టి కప్పుతాను అంటుంది తల్లి. ఎలుక తినేస్తుంది, దానికంటే నిప్పే నయం అంటారు పిల్లలు. ఆ ఎలుకని డేగ ఎత్తుకుపోయింది, నేను చూశాను అంటుంది. ఇంకో ఎలుక లేదని నీకెట్లా తెలుసు అంటారు. నువ్వెళ్ళు, బతికితే మళ్ళీ పిల్లల్ని కనొచ్చు అంటారు. ఆమె ఎగిరిపోతుంది.

ఎవరో చూపించిన ఆశ్రయాన్ని నమ్మకపోవడం, మోసుకుపోలేని వాళ్ళని వదిలి పోవాల్సి రావడం, వాదనకి టైము లేకపోయినా వాదించుకోవడం, అన్నీ ఉన్నాయిక్కడ. తల్లి వెళ్ళిపోయిందని కథ ఆమెని ఒక్క మాట అనదు. పిల్లలు అగ్నిని స్తుతించి బతుకుతారు. అగ్ని ముందే వాళ్ళ తండ్రికి మాటిచ్చాడు, కానీ ఆ సంగతి తల్లికి తెలీదు. ఈ తెలియకపోవడాన్ని కథ చివరిదాకా ఆమె పక్కనే ఉంచుతుంది. డేవిస్ వ్యాసంలో నాకు దొరకని రాత్రి ఇదే. మాలిబూలో ప్రజల డబ్బుతో మళ్ళీ కట్టనివ్వొద్దు అనే డేవిస్ మాటతో నాకు పేచీ లేదు. ఆ మాట చెప్పడానికి వాకిట్లో నిలబడినవాడిని చెరిపేయక్కర్లేదు, అంతే.

తండ్రి మందపాలుడు మంట రేగినప్పుడు ఇంకో భార్య లపిత దగ్గర ఉంటాడు. అక్కడ్నుంచే కంగారు పడతాడు, పిల్లలకి రెక్కలు రాలేదే అని. లపిత దెప్పుతుంది, నీ దిగులు పిల్లల గురించి కాదు, జరిత గురించి అని. అంతా చల్లారాక అతను వస్తాడు. అప్పటికే జరిత తిరిగొచ్చి, ఒక్కొక్క పిల్లనీ పట్టుకుని ఏడ్చి ఉంది. ఎవరూ అతన్ని పలకరించరు. వీళ్ళలో పెద్దోడెవరు, తర్వాతోడెవరు, చిన్నోడెవరు అని అడుగుతాడు. పెద్దోడెవరైతే నీకెందుకు, వెళ్ళు ఆ లపిత దగ్గరికే, అంటుంది జరిత.