మెమరీ తప్పులు: ఒక పరిశోధనపై విమర్శ

చిత్తూరు సీమకు పడమటి దిక్కున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో నేడు కళాశాలల మార్కుల పట్టికలు, ఆసుపత్రుల రక్తపరీక్షల ఫలితములు, వ్యాపారుల లెక్కలు చాలవరకు కంప్యూటర్లలోనే ఉన్నవి. వీనిలో కొన్ని దూరపు నగరముల యంత్రములలో నిలువయుండగా, కొన్ని ఆయా సంస్థలలోనే ఒక గదిలో రాత్రింబగళ్లు నడచు సర్వరులలో ఉండును. అట్టి సర్వరు ఒకనాడు హఠాత్తుగా ఆగి, మెమరీలో తప్పు వచ్చినదని చూపినచో, దానిని కనిపెట్టుకొని యుండు ఉద్యోగి ఏమి చేయవలెను? ఆపి మరల నడిపించి ఊరకుండవలెనా? డబ్బు వెచ్చించి మెమరీ పలకను మార్చవలెనా? ఈ ప్రశ్నను తేల్చుకొనుటకు ఆధారముగా చూపబడు రచనలలో ముఖ్యమైనది 2009లో వెలువడిన ‘డ్రామ్ ఎర్రర్స్ ఇన్ ది వైల్డ్’ అను పరిశోధనాపత్రము. టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ సంస్థకు చెందిన ఎడ్వార్డో పిన్హైరో, వుల్ఫ్ డీట్రిష్ వెబర్ దాని రచయితలు. చిన్న పట్టణపు సర్వరు గదికి ఆ పత్రము ఎంతవరకు దారి చూపగలదో పరిశీలింపవలసియున్నది.

ముందుగా మెమరీ పనిచేయు తీరును తెలిసికొనుట అవసరము. పలకపైనున్న చిప్పులలో ఒక్కొక్క బిట్టు ఒక సూక్ష్మమైన కెపాసిటరులోని విద్యుదావేశముగా నిలిచియుండును. చిల్లికుండలోని నీటివలె ఆ ఆవేశము కారిపోవుచుండును గనుక, సాధారణముగా 64 మిల్లీసెకండ్ల కొకసారి దానిని మరల నింపవలెను. ఏ కారణముచేతనైన ఒక బిట్టు తారుమారైనచో లెక్క తప్పును. అందుచేత సర్వరులలో ప్రతి 64 బిట్లకు మరి 8 బిట్లను కాపలాగా చేర్చుదురు. ఒక బిట్టు మారినచో ఈ కాపలా దానిని పట్టి సరిదిద్దును. రెండు మారినచో సరిదిద్దలేదు గాని, తప్పు జరిగినదని చెప్పగలదు. ఈ విద్యకు మూలము 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన సంకేతములు. సరిదిద్దబడిన తప్పు యంత్రపు చిట్టాలో ఒక పంక్తిగా మిగులును. సరిదిద్దరాని తప్పు సాధారణముగా యంత్రమునే ఆపివేయును.

తప్పులు ఎందుకు పుట్టును? 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమొతీ మే, ముర్రే వుడ్స్ అనువారు చిప్పుల పైకప్పులో లేశమాత్రముగా నుండు యురేనియము, థోరియముల నుండి వెలువడు ఆల్ఫాకణములు బిట్లను మార్చుచున్నవని కనుగొనిరి. మరుసటి సంవత్సరము జేమ్స్ జీగ్లర్, విలియం లాన్‌ఫర్డ్ అనువారు విశ్వకిరణములును ఆ పని చేయగలవని చూపిరి. అప్పటినుండి, మెమరీ తప్పు అనునది ఆకాశమునుండి రాలిన యాదృచ్ఛిక ఘటన, మరల రాదు, అను నమ్మకము ప్రబలినది.

విశ్వకిరణములు కల్పనలు కావు. కుప్పమునకు అనతిదూరమున, కర్ణాటక సరిహద్దునకు ఆవలనున్న కోలారు బంగారు గనులలో భౌతికశాస్త్రజ్ఞులు వానినుండి తప్పించుకొనుటకే రెండు కిలోమీటర్లకు మించిన లోతున పరికరములు నెలకొల్పి, 1965లో వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను పట్టిరి. నేలపైన మాత్రము వాని ప్రభావమెంత? మదనపల్లె సీమ సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తునకు పోయినకొలది పైనున్న గాలిపొర తగ్గి, విశ్వకిరణములవలన పుట్టు న్యూట్రానులు హెచ్చును. ఈ ఎత్తున ఆ హెచ్చు రెండు రెట్లకు లోపుగనే యుండును. కాని దక్షిణభారతము భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువలో నున్నందున, తక్కువ శక్తిగల కిరణములను అయస్కాంతక్షేత్రమే మళ్లించును. అందుచేత ఈ అక్షాంశములలో న్యూట్రానులు న్యూయార్కులోనున్న వానిలో సుమారు సగమే. ఎత్తువలని హెచ్చు, అయస్కాంతమువలని తగ్గు ఇంచుమించు చెల్లుకు చెల్లు. కావున కొండసీమలో ఉన్నందున తమ యంత్రములకు ఆకాశపు పీడ అధికమని ఇక్కడివారు అనుకొనుటకు ఆధారము లేదు.

2009 నాటి పత్రము చేసిన మేలు ఈ నమ్మకమును లెక్కలతో కదల్చుటయే. గూగుల్ యంత్రములను రెండున్నర సంవత్సరములు గమనించి, ఏడాదిలో మూడవవంతు యంత్రములలోను, నూటికి ఎనిమిదికి పైబడిన పలకలలోను ఒక్కటియైన సరిదిద్దబడిన తప్పు కనబడినదని రచయితలు తెలిపిరి. ఒకసారి తప్పిన పలక అదే నెలలో మరల తప్పుటకు, తప్పని పలకకన్న 13 నుండి 228 రెట్లు ఎక్కువ అవకాశమున్నదట. ఆకాశమునుండి పడు కిరణము ఒకే పలకను ఎంచుకొని పదేపదే కొట్టదు గదా! తప్పులు మళ్లీమళ్లీ వచ్చుచున్నవన్నచో దోషము పలకలోనో, దానిని నడుపు భాగములలోనో ఉన్నదని అర్థము. ష్రోడర్, ఆమె సహచరులు 2012లో ప్రకటించిన మరొక పరిశోధన ఈ నిర్ణయమును బలపరచినది.

ఇంత గొప్ప పత్రములోను కొరతలు లేకపోలేదు. మొదటిది, అది లోపములను గాక తప్పులను లెక్కించుట. చిప్పులో ఒక తీగ చెడినచో అది ఒకే లోపము. కాని ఆ స్థలమును చదివినప్పుడెల్ల తప్పు నమోదగును. పత్రములోని ప్రసిద్ధమైన అంకె, మెగాబిట్టుకు వందకోట్ల గంటలలో 25,000 నుండి 70,000 తప్పులు అనునది, ఇట్లు కొద్ది పలకలు వేలకొలది తప్పులు చేయుటవలన ఉబ్బిన సగటు. విలాస్ శ్రీధరన్ మొదలైనవారు 2015లో ఈ భేదమునే ఎత్తిచూపి, తప్పుల సంఖ్యను బట్టి నమ్మకమును కొలుచుట పెడదారి పట్టించునని వాదించిరి. ఆ వాదము న్యాయమైనది. చిట్టాలో వేయి పంక్తులు చూచి వేయి రోగములని బెదరుటయు, ఒక్క పంక్తి చూచి రోగమే లేదనుటయు రెండును పొరపాట్లే.

రెండవది వేడిని గురించినది. యంత్రమునకు పని ఎంత ఉన్నదో లెక్కలోనికి తీసికొన్న పిమ్మట, వేడివలన తప్పులు పెద్దగా హెచ్చుటలేదని పత్రము తేల్చినది. కాని ఆ పరీక్ష శీతలీకరణ నిరంతరముగా సాగు పెద్ద కేంద్రములలోని వేడిమి పరిధిలో జరిగినది. అసలు వేడిమి అంకెలను, పలకల తయారీదారుల పేర్లను కూడ ప్రకటింపలేదు. వేసవిలో కరెంటు పోయి, బ్యాటరీలపై సర్వరు నడచుచుండగా చల్లని గాలి యంత్రము మాత్రము ఆగిపోవు చిన్న గదికి ఈ నిర్ణయమును అతికించుట తగదు. అది రచయితల తప్పు కాదు. చదువరి చేయగూడని పని.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, ఖర్చును గూర్చినది. సరిదిద్దరాని తప్పులలో నూటికి 70, 80 వంతులకు ముందు, అదే నెలలోనో క్రిందటి నెలలోనో, సరిదిద్దబడిన తప్పు కనబడినదని పత్రము చెప్పుచున్నది. ఇది విలువైన హెచ్చరిక. అయినను అట్లు తప్పిన పలకలలో నిజముగా యంత్రమును ఆపునవి నూటికి రెండు మూడింటికి మించవు. కావున యంత్రము ఆగుటవలని నష్టము అధికమైన చోటనే ముందుగా పలక మార్చుట లాభకరమని రచయితలు అన్నారు. వేలకొలది యంత్రములున్న చోట ఒకటి ఆగినను పని సాగును. కుప్పములో ఒక ఆసుపత్రికి ఉన్నది ఒకే సర్వరు అయినచో, అది ఆగిన పూట రోగి పరీక్షాఫలితము వైద్యునకు అందదు. అనుమానపు పలకను మార్చుటకగు ఖర్చు ఆ నష్టము ముందు స్వల్పము. విడిభాగము బెంగుళూరునుండియో, తిరుపతినుండియో రావలసిన ఊరిలో, మారుపలక ఒకటి ముందే బీరువాలో ఉండుట వివేకము. పత్రము ఈ రెండవ పక్షమును ఒక్క వాక్యములో సూచించి విడిచినది. చిన్న సంస్థలకు కావలసినది ఆ వాక్యమే.

కాలము తెచ్చిన కొరత ఇంకొకటి కలదు. ఆనాటి పలకలు ఇప్పుడు వాడుకలోనుండి చాలవరకు తొలగినవి. డీడీఆర్-5 అను కొత్త రకములో చిప్పే తన లోపలి చిన్న తప్పులను తానే సరిదిద్దుకొనును. అందుచేత చిట్టా నిర్మలముగానున్నంత మాత్రమున చిప్పు ఆరోగ్యముగానున్నదని అనుకొనరాదు.

కావున ఈ పత్రమునుండి గ్రహింపదగినది అంకెలు కావు, పద్ధతి. తప్పు వచ్చిన ప్రతిసారి తేదీ, గాడి సంఖ్య, చిరునామా వ్రాసియుంచవలెను. ఒకసారి వచ్చి మరల రాకపోయినచో వేచి చూడవచ్చును. అదే గాడిలో మరల వచ్చినచో, యంత్రమును నిలిపి, ఆ పలకను వేరొక గాడిలో గుచ్చి చూడవలెను. తప్పు పలకవెంట పోయినచో పలకదే దోషము. పాత గాడిలోనే నిలిచినచో గాడినో, మూలఫలకమునో, ప్రాసెసరునో అనుమానింపవలెను. పలకను తీసి మరల గుచ్చినంతనే తప్పు మానినచో, మొనల మీది ధూళియో, వదులో కారణము కావచ్చును. ఈ పరీక్షకు గూగుల్ అంతటి సంస్థ అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, మారుపలక, యంత్రమును అరగంట ఆపుటకు అధికారి అనుమతి చాలును. మదనపల్లెలోనైనను పుంగనూరులోనైనను, ఈ మూడింటిలో చాలచోట్ల కొరవడునది నోటుపుస్తకమే.